పెప్పర్ అంటే మిరియమా, మిరపకాయా?

ఇంగ్లీషులో ‘పెప్పర్’ అనేది ఒకటే మాట. బ్లాక్ పెప్పర్ అంటే మిరియాలు. రెడ్ పెప్పర్ అంటే ఎండుమిర్చి. బెల్ పెప్పర్ అంటే క్యాప్సికం. మూడూ వేరే రుచులు, వేరే ధరలు, వేరే వాడకాలు. మన వంటింట్లో మూడింటినీ ఒకే డబ్బాలో పోస్తే అమ్మ ఊరుకోదు. ఇంగ్లీషు మాత్రం హాయిగా ఒకే డబ్బాలో పోసి మూత పెట్టేసింది.

స్పానిష్‌లోకి వెళ్లాలంటే ఆ మూత తీయక తప్పదు. మిరియాలు అయితే ‘పిమియెంత’. చివరి అక్షరం ఒక్కటి మారి ‘పిమియెంతో’ అయితే క్యాప్సికం. ఎండుమిర్చి అయితే మెక్సికోలో ‘చీలె’, దక్షిణ అమెరికాలో చాలా చోట్ల ‘ఆహీ’, స్పెయిన్‌లో సన్నటి కారం కాయకు ‘గిందీయా’. అదే పొడి చేస్తే మళ్లీ ఇంకో లెక్క.

ఇదంతా మనకెందుకు అంటారా? మిర్చి యార్డు అనగానే దేశమంతా గుర్తుచేసుకునే ఊరు గుంటూరు. ఇక్కడి కాయ, ఇక్కడి కారం దేశాలు దాటి వెళ్తాయి. బస్తా మీద మాట తప్పు పడితే నవ్వుకుని ఊరుకోవడానికి అది సోషల్ మీడియా పోస్టు కాదు. డబ్బులు పోతాయి.

ఎర్ర మిరియాల పొడి

నేను తాడేపల్లిలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. మా టీమ్ చేసే యాప్‌ని మెక్సికో, కొలంబియా, స్పెయిన్ దేశాల్లో వాడతారు. ఆ కారణంగా మూడేళ్లుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఈ సంగతి బంధువుల్లో పాకిపోయింది. ‘మా అమ్మాయికి స్పానిష్ వచ్చు’ అని మా అమ్మ ఎక్కడ పడితే అక్కడ చెబుతుంది. ఫలితం ఏంటంటే, గుంటూరులో కారం మిల్లు నడిపే మా పెద్దమ్మ కొడుకు ఓ రోజు మధ్యాహ్నం వాట్సాప్‌లో లేబుల్ ఫొటో పంపాడు.

మెక్సికోలో ఒక కొనుగోలుదారు శాంపిల్ అడిగాడట. ఇన్నాళ్లూ అన్నయ్య సరుకు వేరే ఎక్స్‌పోర్టర్ల పేరు మీదే బయటికి వెళ్లింది. సొంత పేరుతో వెళ్లడం ఇదే మొదటిసారి. శాంపిల్ నచ్చితే కంటెయినర్ ఆర్డర్ వచ్చే అవకాశం ఉంది. లేబుల్ మీద పైన ఇంగ్లీషులో ‘రెడ్ పెప్పర్ పౌడర్’ అనీ, దాని కింద స్పానిష్‌లో ‘పిమియెంత రోహా ఎన్ పోల్వో’ అనీ ఉంది. డిజైన్ చేసిన కుర్రాడు ఫోన్‌లో అనువాద యాప్‌ని అడిగి పెట్టేశాడు.

“చెల్లాయ్, ఒక్కసారి చూసి ఓకే అను. సాయంత్రం ప్రింటింగ్‌కి ఇచ్చేయాలి.”

“అన్నయ్యా, నువ్వు పంపేది మిరియాల పొడా?”

“మిరియాలేంటే? తేజా కారం.”

“లేబుల్ మీద ఎర్ర మిరియాల పొడి అని ఉంది మరి.”

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, “ఎర్ర మిరియాలు కూడా ఉంటాయా?” అన్నాడు.

ఉంటాయి. మిరియం గింజ చెట్టున పండితే ఎర్రగానే అవుతుంది. అందుకే ఈ తప్పు ప్రమాదకరం. అర్థం లేని మాట పడితే చదివినవాడికి అనుమానం వస్తుంది, ఫోన్ చేసి అడుగుతాడు. అర్థమున్న వేరే మాట పడితే ఎవరికీ అనుమానం రాదు. మెక్సికోలో గోడౌన్ మనిషి దాన్ని చదివి మిరియాల వరుసలో పెట్టేస్తాడు. మిరియాలు ఖరీదైన సరుకు. తెరిచి చూస్తే కారం. అప్పుడు అతనికి భాషలో పొరపాటు కనపడదు, మోసం కనపడుతుంది.

అనువాద యాప్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. దాని ముందు మనం పెట్టింది ఒక్క ‘పెప్పర్’. దానికి తేజా తెలియదు, మిల్లు తెలియదు, మన ఘాటు తెలియదు. అది చదివిన కోట్ల వాక్యాల్లో పెప్పర్ పక్కన పిమియెంత ఎక్కువసార్లు కనిపిస్తే అదే ఇస్తుంది. అదే యాప్‌కి ‘ఎండు మిరపకాయలను మర నుంచి ఆడించిన పొడి’ అని పూర్తి వాక్యం ఇచ్చి చూడండి, చాలాసార్లు జవాబు మారిపోతుంది.

ఈ గజిబిజి ఎవరు పెట్టారు?

కొలంబస్. 1492లో ఆయన బయల్దేరింది ఆసియాకి. ఆ దారి దొరికితే చేతికొచ్చే బంగారు గనుల్లో మిరియాలు ఒకటి. అప్పట్లో యూరప్‌లో మిరియాలకున్న గిరాకీ అలాంటిది. ఆయన చేరింది కరీబియన్ దీవులకు. అక్కడి తైనో ప్రజలు తింటున్న ఘాటైన కాయను చూశాడు. వాళ్లు దాన్ని ‘ఆహీ’ అంటున్నారు. 1493 జనవరిలో తన దినచర్యలో, ఇది వీళ్ల మిరియం అన్నట్టు రాసుకున్నాడు. వెతుకుతున్నది దొరకకపోతే దొరికినదానికే ఆ పేరు పెట్టుకోవడం మనుషులకి అలవాటే కదా!

వృక్షశాస్త్రం ప్రకారం రెండింటికీ చుట్టరికమే లేదు. మిరియం పైపర్ జాతి, మలబారు తీగ. మిరపది క్యాప్సికం జాతి, వంకాయకీ టమాటాకీ దగ్గర చుట్టం. అయినా స్పానిష్ వాళ్లు పిమియెంత నుంచే పిమియెంతో అని కాయకి పేరు పెట్టుకున్నారు. కనీసం ఒక అక్షరమైనా మార్చారు. ఇంగ్లీషు వాళ్లు అదీ చేయలేదు. ఇక మెక్సికోలో నావాత్ల్ భాషలో ఆ కాయ పేరు ‘చీల్లి’. అదే స్పానిష్‌లో చీలె అయింది, ఇంగ్లీషులో చిల్లీ అయింది. చిలీ అనే దేశానికీ దీనికీ సంబంధం లేదు, స్పెల్లింగ్ కలిసిందంతే.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో మిరప మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో ఘాటు కావాలంటే మిరియాలు, పిప్పళ్లు, శొంఠి. కొత్త కాయ రాగానే మనవాళ్లూ మిరియంతోనే పోల్చుకున్నారు. మిరియం, మిరప, రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవండి, తెలిసిపోతుంది. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. హిందీలో కాలీ మిర్చ్, లాల్ మిర్చ్, శిమ్లా మిర్చ్. అంటే కొలంబస్ చేసిన పనే అందరూ చేశారు. కాకపోతే తెలుగులో మాట రెండుగా చీలి, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఇప్పుడు మన పిల్లాడు కూడా మిరియాల చారునీ మిరపకాయ బజ్జీనీ కలిపేయడు.

ఇంకో తమాషా. ఇంగ్లీషు పెప్పర్ లాటిన్ ‘పైపర్’ నుంచి, అది గ్రీకు నుంచి, గ్రీకుకి మన దేశపు ‘పిప్పలి’ నుంచి వెళ్లింది. అంటే పెప్పర్ అన్న మాట లోపల మొదట ఉన్నది మిరియమూ కాదు, మిరపా కాదు, పిప్పలి!

ఈ గొడవంతా చూసే కాబోలు, అంతర్జాతీయ కస్టమ్స్ కోడ్ రాసినవాళ్లు మాటల్ని నమ్మకుండా లాటిన్ పేర్లు పట్టుకున్నారు. 0904 అనే హెడింగ్ కింద పైపర్, క్యాప్సికం, పిమెంట జాతులు మూడూ ఉంటాయి. దాన్లో 0904.11, 0904.12 మిరియాలకు. ఎండుమిర్చి కాయలకు 0904.21, పొడికి 0904.22. ఆ మూడోది, ‘పిమెంట’, స్పానిష్ పిమియెంత లాగే వినిపిస్తుంది కానీ మిరియం కాదు. అది ఆల్‌స్పైస్. దాన్ని స్పానిష్‌లో ‘పిమియెంత దె హమాయికా’ అంటారు, అంటే జమైకా మిరియం. బుర్ర తిరిగిందా? నాకూ తిరిగింది. అన్నయ్యకి నేను మొదట చెప్పింది ఇదే: లేబుల్ మీద ఏ భాషలో ఏం రాసినా, చిన్న అక్షరాల్లో క్యాప్సికం ఆన్యుయం అని వేయించు. అది ఏ దేశంలోనైనా మిరపే.

పొడి అనగానే ఇంకో గొయ్యి

మరి సరైన మాట ఏది? చీలె ఎన్ పోల్వో, అంటే చీలె పొడి. పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ మెక్సికోలో చీలె పొడి పేరుతో ఉప్పు, నిమ్మ కలిపినవి దొరుకుతాయి, మామిడి ముక్కల మీద చల్లుకుంటారు. అమెరికాలో ‘చిలీ పౌడర్’ అంటే మిరపతో పాటు జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిపిన మసాలా. మన ‘చిల్లీ పౌడర్’ ఉత్త మిరప. ఒకే ఇంగ్లీషు పేరు, లోపల సరుకు వేరు.

అందుకని పూర్తిగా విప్పి చెప్పే పేరు ఎంచుకున్నాం: ‘చీలె రోహో సెకో మొలీదో’. ఎర్ర ఎండు మిరపకాయలు, ఆడించినవి. కింద పదార్థాల వరుసలో మిరప నూరు శాతం అని. అందంగా ఉందా అంటే లేదు. పేరు పొడుగైందని డిజైన్ కుర్రాడు సణిగాడు కూడా. నా లెక్కలో బస్తాకి కవిత్వం అక్కర్లేదు. మాతో పనిచేసే మెక్సికో అమ్మాయికి ఫొటో చూపించి, దీన్ని చదివితే నీకేం కనపడుతోంది అని మాత్రమే అడిగాను. సరైనదేనా అని అడగలేదు. అలా అడిగితే మర్యాదకి అవునంటారు. ఏం కనపడుతోందంటే నిజం చెబుతారు. ఎండుమిర్చి పొడి అంది. అప్పుడు ప్రింటింగ్‌కి వెళ్లింది.

నెల తర్వాత స్పెయిన్ నుంచి ఒకాయన ‘పిమెంతోన్’ కావాలని అడిగాడు. స్పెయిన్‌లో పిమెంతోన్ అంటే పొడే. ఎర్ర కాయలను ఎండబెట్టి ఆడిస్తారు. ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టే ‘పిమెంతోన్ దె లా వేరా’ వాళ్లకు మన గుంటూరు కారమంత గొప్ప. కానీ వాళ్లు మూడు రకాలుగా అమ్ముతారు: దూల్సె అంటే తియ్యనిది, అగ్రిదూల్సె అంటే మధ్యస్థం, పికాంతె అంటే కారం. ఏమీ చెప్పకుండా పిమెంతోన్ అంటే చాలామంది మనసులో ఉండేది రంగు. ఘాటు తర్వాత. తేజా పంపితే వాళ్ల వంట తినేవాళ్ల కళ్లల్లో నీళ్లే. రంగు ఎక్కువ, కారం తక్కువ కావాలంటే బ్యాడిగి రకం వైపు చూడాలి. ఇక్కడ మాట సరిగ్గా అర్థం చేసుకోవడమంటే ఏ రకం కాయ కొనాలో తేల్చుకోవడమే. “దూల్సె కావాలా, పికాంతె కావాలా అని ముందు అడుగు అన్నయ్యా” అన్నాను. రంగే కావాలట.

అదే పిమెంతోన్ మాట పట్టుకుని కొలంబియా వెళ్తే? అక్కడ పిమెంతోన్ అంటే పొడి కాదు, పచ్చి క్యాప్సికం కాయ. అర్జెంటీనాలో ఆ కాయ ‘మొర్రోన్’. కాబట్టి ‘పెప్పర్‌ని స్పానిష్‌లో ఏమంటారు’ అన్న ప్రశ్నే సగం ప్రశ్న. ఏ వస్తువు, ఏ దేశం అన్నవి కలిస్తేనే ప్రశ్న పూర్తవుతుంది. అందుకే ‘పిమియెంత అంటే మిరియమే’ అని గుడ్డిగా బట్టీ పట్టినా కుదరదు. ‘పిమియెంత దె కయేన’ అనేది మిరప పొడే మరి!

హాట్ హాట్‌గా

మా యాప్ పనిలో నన్ను ఎక్కువ ఏడిపించిన మాట పెప్పర్ కాదు, ‘హాట్’. ఫుడ్ ఆర్డర్ చేసే స్క్రీన్‌లో ఒక చోట హాట్ అంటే కారంగా ఉండే వంటకం, ఇంకో చోట వేడి పానీయం, హోమ్ పేజీలో జనం ఎగబడి కొంటున్నది. స్పానిష్‌లో కారానికి ‘పికాంతె’, వేడికి ‘కాలియెంతె’. మూడోదానికి రెండూ పనికిరావు, ‘ఎక్కువగా అమ్ముడయ్యేవి’ అని విడమరిచి రాయాలి. మనిషి విషయంలో ఇంకా జాగ్రత్త. ఉక్కగా ఉందనుకుని ‘నేను కాలియెంతె’ అన్నారనుకోండి, ఎదుటివాళ్లు నవ్వు ఆపుకోలేరు. ఆ అర్థం ఇక్కడ రాయను, మీకు తట్టే ఉంటుంది. ఉక్కపోతకు ‘తెంగో కలోర్’ అనాలి.

తెలుగువాళ్లకు వేడి, కారం అన్న తేడా పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషు పిల్లాడు పికాంతె నేర్చుకోవడానికి కష్టపడాలి, మనం పడక్కర్లేదు. ‘మామిడిపండు వేడి చేస్తుంది’ అనే మన మాట కూడా అక్కడ చెల్లుతుంది. మెక్సికో పల్లెల్లో మనలాగే తిండిని వేడి, చలవ అని విడదీసే పద్ధతి ఉంది. అక్కడ కాలియెంతె అన్నది పొయ్యి మీది వేడి కాదు.

అయితే మన కారం కూడా రెండు పనులు చేస్తుంది. ‘కూర కారంగా ఉంది’ అంటే రుచి, పికాంతె. ‘కూరలో కారం వెయ్యి’ అంటే పొడి, చీలె. తెలుగు నుంచి స్పానిష్‌కి వెళ్లేటప్పుడు మన డబ్బా మూత కూడా ఒకసారి తీయాలి.

కోడ్ రాసేవాళ్లకు ఒక మాట. ‘హాట్’ అనే స్ట్రింగ్ ఒకటే కదా అని మూడు స్క్రీన్లకూ ఒకే కీ పెట్టకండి. అనువాదకుడికి స్క్రీన్ కనపడదు, ఎక్సెల్ షీట్‌లో మూడు అక్షరాలు కనపడతాయి. గెట్‌టెక్స్ట్ లాంటి పాత టూల్‌లోనే దీనికోసం సందర్భం రాసే వీలుంది, ఎమ్ఎస్‌జీసీటీఎక్స్‌టీ అనే లైను. ‘మెనూలో కారం గుర్తు’ అని అక్కడ రాస్తే సరిపోతుంది. ‘ఆర్డర్’ దగ్గర మరీ అవసరం. స్పానిష్‌లో ‘ఎల్ ఓర్దెన్’ అంటే వరుస, ‘లా ఓర్దెన్’ అంటే ఆజ్ఞ, కొన్నదానికి ‘పెదీదో’. ముందున్న చిన్న ముక్క పుంలింగమా స్త్రీలింగమా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. ‘ఫ్రీ’ అయితే చెప్పక్కర్లేదు. డబ్బు అక్కర్లేనిది ‘గ్రాతిస్’, స్వేచ్ఛ ఉన్నది ‘లీబ్రె’. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఇంగ్లీషులో ఏళ్ల తరబడి ఈ తేడా వివరిస్తూ, చివరికి లీబ్రె మాటను అరువు తెచ్చుకున్నాడు. మన దగ్గర ఆ ఉద్యమం నడిపే సంస్థకు ఆ తిప్పలు రాలేదు, ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకున్నారు.

తెలుగు ఎక్కడి దాకా తోడొస్తుంది?

నేను స్పానిష్ మాట వెతికే ముందు ఆ ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో ఒకసారి పైకి అనుకుంటాను. చాలాసార్లు చిక్కు అక్కడే వీడిపోతుంది. తర్వాత స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు చూస్తాను. ఆన్‌లైన్‌లో ఉచితం, ఏ అర్థం ఏ దేశంలో వాడతారో కూడా చాలా మాటలకు ఇస్తుంది. ఆ తర్వాత ఆ స్పానిష్ మాటను ఫొటోల సెర్చ్‌లో కొడతాను. పిమియెంత అని కొడితే నల్లగింజలే గింజలు. వాదన అక్కడికి ముగుస్తుంది. ఆ దేశపు సూపర్‌మార్కెట్ సైట్‌లో ప్యాకెట్ మీద ఏం రాశారో చూడటం ఇంకా మంచిది.

‘యూ’ అన్నదానికి తూ, ఉస్తెద్ ఉన్నాయని తెలిస్తే ఇంగ్లీషువాళ్లు కంగారు పడతారు. మనకి నువ్వు, మీరు. ‘ఈజ్’ అన్నదానికి సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయంటే క్లాసులో సగం మంది పుస్తకం మూసేస్తారు. ‘ఆమె టీచర్’ అన్నప్పుడు మనం ఏ క్రియా వాడం. ‘ఆమె ఇంట్లో ఉంది’ అన్నప్పుడు ఉంది అంటాం. మొదటిది సేర్, రెండోది ఎస్తార్. అన్ని చోట్లా ఈ కొలత కుదరదు కానీ మొదటి ఆరు నెలలు గట్టెక్కిస్తుంది.

‘నో’ అంటే తెలుసు. విషయం తెలియడానికి సాబేర్, మనిషి తెలియడానికి కొనోసేర్. ఇక్కడ తెలుగు చేయి వదిలేస్తుంది, మనకు రెండూ ‘తెలుసు’. ఈత లాంటి విద్యకు మాత్రం మనం ‘వచ్చు’ అని వేరే మాట వాడతాం, అక్కడేమో మళ్లీ సాబేర్.

చేపల దగ్గర అయితే పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఫిష్‌కి స్పానిష్‌లో రెండు మాటలు, మనకు ఒకటే చేప. మా ఊరి సీతానగరం దగ్గర కృష్ణలో, ప్రకాశం బ్యారేజీ నీళ్లలో ఈదుతున్నంతసేపు అది ‘పెస్’. వల వేసి పట్టి బుట్టలో పోశాక ‘పెస్కాదో’. ఆదివారం పొద్దున అమ్మకానికి పెట్టిన బుట్టలో ఇంకా తోక కొట్టుకుంటున్నదాన్ని ఏమనాలి? మెక్సికో అమ్మాయిని అడిగాను. కొంచెం ఆలోచించి, “కొంటున్నావా, చూస్తున్నావా?” అంది.